తుంచితే పాలు రాని చెట్టు

మణికొండలో మా ఫ్లాట్ హాలు మూలకి, పెద్దగా పని పెట్టని చెట్టు కొందామని నార్సింగి నర్సరీకి వెళ్లాను. రబ్బరు చెట్టు నచ్చింది. కడపలో ఉన్న అత్తయ్యకు వీడియో కాల్‌లో చూపించాను.

"ఆకు తుంచి చూడమ్మా. పాలు కారే చెట్టు ఇంట్లో పెట్టగూడదు."

తుంచితే పాలు కారాయి. పక్కనున్న ఇంకో రెండింటి ఆకులూ తుంచాను. వాటికీ పాలే. ఇక ఏం కొనాలో నాకు తోచలేదు.

"గిట్ల అన్నీ తుంపుకుంట పోతే ఎట్ల మేడం?" అని నర్సరీ ఆయన విసుక్కుంటూ వేరే కుండీ తెచ్చి పెట్టాడు. "ఇది తీస్కపోండ్రి. పాలు రావు, పూలు రావు. నీళ్లు పోసుడు మర్సిపోయినా ఫికర్ లేదు."

నేను వెతుకుతున్నది అదే. ఫోన్‌లో అంతా విన్న అత్తయ్యకు మాత్రం ఒకటే సందేహం.

"మరి దాన్ని చెట్టని ఎందుకంటున్నారమ్మా?"

కొని తెచ్చాను. హాలు మూలలో ఆకైనా రాల్చకుండా నిలబడింది.