స్కానింగు గదిలో మా వదిన

మొన్నామధ్య మా ఆడపడుచు కూతురికి గర్భసంచిలో గడ్డ ఉందంటే హైదరాబాదులో ఒక ఆసుపత్రికి తోడు వెళ్లాను. కత్తి పెట్టకుండా, శబ్దంతోనే గడ్డను మాడ్చేస్తామని అక్కడి డాక్టరమ్మ చెబుతుంటే, జీవితమంతా నర్సుగా పనిచేసిన నేనే నోరు తెరుచుకుని విన్నాను. గిన్నెలాంటి పరికరం లోపలంతా చిన్న చిన్న స్ఫటికాలు పొదిగి ఉంటాయట, కరెంటు అందగానే అవి కంపించి మన చెవికి వినపడని శబ్దాన్ని పుట్టిస్తాయట, ఆ శబ్దమంతా, చిన్నప్పుడు మనం భూతద్దం కింద ఎండను కూడగట్టి దూదిని కాల్చినట్టు, బియ్యపు గింజంత చోట కలుసుకుని గడ్డను మాత్రం కాలుస్తుందట. నడుమనున్న చిన్న స్కానింగు ప్రోబు ఎక్కడ కాలుతోందో తెరమీద చూపిస్తూ ఉంటుందట. మరునాడే ఆ పిల్ల నడిచి ఇంటికొచ్చింది. దానికి లోపల వైద్యం జరుగుతున్నంతసేపూ నేను మాత్రం ఆ ఆసుపత్రి వరండాలో కూర్చుని, ఎవరికీ కనపడకుండా, మా వదిన కోసం ఏడ్చాను.

వదినంటే మా అన్నయ్య భార్య. అమ్మ పోయాక వెల్దుర్తిలో నన్ను పెంచింది ఆవిడే. ఆడపిల్లకు నర్సు చదువేందని అన్నయ్య అడ్డం పడితే, పొయ్యి వెలిగించనని మొండికేసి, ఆయన్ను దారికి తెచ్చి నన్ను గుంటూరు పంపింది. ఎవరి మొహం మీదైనా ఉన్నమాట అనేసే మనిషి.

ఎనభైల నడుమ, నరసరావుపేటలో నేను పనిచేసే నర్సింగ్ హోముకు స్కానింగు మిషను వచ్చింది. మనవాళ్లు దాన్ని టీవీ పరీక్ష అనేవాళ్లు, మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. భవనం మొత్తానికి ఆ గదికే ఏసీ కాబట్టి, మన పల్నాటి ఎండల్లో రోగుల వెంట వచ్చినవాళ్లు ఏదో వంకతో ఆ గుమ్మం దగ్గరే నిలబడేవారు. ఒంటికి ఆనించే ప్రోబు కింద పడితే లోపలి స్ఫటికం పగులుతుందని డాక్టరుగారు దాన్ని పసిబిడ్డను పట్టినట్టు పట్టేవారు. అది శబ్దాన్ని ఒంట్లోకి పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వనిని బట్టి బొమ్మ చూపేది. అంతవరకే దాని శక్తి.

ఆ ఏడు మిరప కోతలయ్యాక వదిన, కుడి డొక్కలో నొప్పని, అన్నయ్యను వెంటబెట్టుకుని బస్సు దిగింది. బల్ల మీద పడుకోబెట్టి జెల్ రాసింది నేనే. "ఏందే ఇది, చల్లగా గంజి పూసినట్టు" అని నవ్వింది. పక్కటెముకల కింద ఒకచోట డాక్టరుగారి చెయ్యి ఆగిపోయింది. తెర చూడటం నాకప్పటికి కొంచెం అలవాటే. కాలేయంలో గుండ్రంగా ఒకటి, దాని పక్కనే ఇంకొకటి. నా చేతిలోని గుడ్డ జారిపడింది. ఆయన నా వైపు చూసి, తెర వెలుగు తగ్గించేశారు.

గుంటూరులో గడ్డ ముక్క తీసి చూసి, క్యాన్సరని, కోసి తీసే స్థితి దాటిపోయిందని అన్నారు. ఆ సంగతి ఆమెకు తెలియనివ్వొద్దని అన్నయ్య నన్ను బతిమాలాడు. మందులకు దగ్గరని వదిన నరసరావుపేటలో నా అద్దె గదిలోనే ఉండిపోయింది. అప్పుడప్పుడూ ఆ మిషను మళ్లీ పెట్టించమని అడిగేది, పెట్టినంతసేపు నొప్పి తగ్గినట్టుంటుందని. పాపం, అదే వైద్యమనుకుంటోందని మేమనుకున్నాం. డాక్టరుగారు, ఆయన మేలు మరువలేను, మధ్యాహ్నం రోగులు పలచబడ్డాక పిలిపించేవారు. నేను జెల్ సీసాను వేడినీళ్లలో పెట్టి గోరువెచ్చగా చేసి రాసేదాన్ని. ప్రోబు పొట్టమీద తిరుగుతుంటే ఆవిడ కళ్లు మూసుకునేది, తెరమీద ఆ గడ్డలు ప్రతిసారీ కాస్త పెరిగి కనిపించేవి.

ఒకరోజు ఉండబట్టలేక డాక్టరుగారిని అడిగాను, చూడగలిగిన ఈ శబ్దంతోనే దాన్ని కరిగించలేమా అని. కిడ్నీలో రాళ్లను బయటినుంచే పగలగొట్టే మిషన్లు వచ్చాయని, గడ్డల మీద కూడా ఎక్కడో ప్రయత్నాలు జరుగుతున్నట్టు చదివానని, మనదాకా రావడానికి చాలా కాలం పడుతుందని ఆయన తల దించుకుని చెప్పారు.

చివరిసారి వదిన బల్ల ఎక్కలేకపోతే డాక్టరుగారూ నేనూ ఎత్తి పడుకోబెట్టాం. అయ్యాక నేను జెల్ తుడుస్తుంటే నా మణికట్టు పట్టుకుంది.

"నాకు తెలుసులేవే. ఇది చూసే మిషనేగానీ తీసేది కాదు."

"ఎవరు చెప్పారు వదినా?"

"ఒకరు చెప్పాల్నా? మొదటిరోజే నీ మొహం చూళ్లా? మీరిద్దరూ నాకోసం ఏందో ఒకటి చేస్తా ఉంటే పానానికి చానా హాయిగా ఉండేది, అందుకని వచ్చేదాన్ని. మీ అన్నకు చెప్పబాక. నాకు తెలవదనుకునే ఆ కాస్త అన్నం తింటన్నాడు."

డాక్టరుగారు చప్పుడు చేయకుండా బయటికి వెళ్లిపోయారు. నేను ఆమె పొట్ట మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయాను.

పత్తి తీతలు మొదలయ్యే వేళకు వదిన వెల్దుర్తిలో పోయింది. తనకేం జరుగుతోందో ఆమెకు చివరిదాకా తెలియదని, అదొక్కటే అదృష్టమని అన్నయ్య అందరితో చెప్పుకునేవాడు. నేను కాదనలేదు. ఆ నమ్మకంతోనే ఆయనా వెళ్లిపోయాడు.

అంత ముదిరిన గడ్డకు మీ వైద్యం పనికొచ్చేదా అని హైదరాబాదు డాక్టరమ్మను అడిగాను. అన్నిటికీ కుదరదని, ఆ దశలో బహుశా నొప్పి వరకు తగ్గించగలిగేదేమోనని అంది. ఆ మాత్రమైనా చాలు కదా అనిపించింది. కాలం చాలా నేర్చుకుంది, కాదనను. అది నేర్చుకునేదాకా ఆగలేక వెళ్లిపోయినవాళ్లు ఎందరో, వాళ్లను ఎరిగినవాళ్లమూ ఒక్కొక్కరమే తగ్గిపోతున్నాం. ఇప్పుడు వెల్దుర్తిలో వదిన పేరు చెబితే, ఎవరావిడ అని అడుగుతున్నారు.