బాబాయి పంపిన వావిలాకు

నెలకోసారి దాచేపల్లి బస్సు గుంటూరు స్టాండులో ఆగగానే కండక్టరు పైనుంచి ఆకు గోతం దించి నాకు అప్పగించేవాడు. మొన్న ఖాళీ చేతులతో దిగాడు.

"మీ బాబాయి పోయాడయ్యా. రాత్రి గుండె పట్టేసిందంట."

నేను ముందు గోతం కోసమే బస్సు పైకి చూశాను. ఆ చూపు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

బాబాయంటే ఊళ్లో మా పక్కింటాయన. నాపరాళ్ల క్వారీలో ఏళ్ల తరబడి సుత్తి పట్టిన మనిషి. వేళ్ల కణుపులు, మోకాళ్లు, భుజాలు వాచిపోతే సాయంత్రాలు వావిలాకు వెచ్చజేసి కట్టుకునేవాడు. వాపు దిగేది. ఆకులో ఏ పదార్థం వాపు తీస్తోందో విడదీసి చూడాలన్న నా పరిశోధనకు మొదలు ఆ కట్టే.

"ఎంత గావాలో చెప్పరా, నేను పంపుతా" అన్నాడు. గోతాల కొద్దీ ఆకును ఆల్కహాలులో నానబెట్టి, వడగట్టి, ఇగరబెడితే చివరికి చిటికెడు పొడి మిగిలేది. నేను రాసిన ప్రతి ఉత్తరంలోనూ ఇంకాస్త పంపమన్న మాటే. నీడలో ఆరాలన్నానని ఇంట్లో నేలంతా ఆకు పరిచి, తాను, పిన్ని అరుగు మీద పడుకునేవారు. ఎవరైనా లోపలికి రాబోతే, "ఏందయ్యా, మావాడి మందు తొక్కుతావా?" అని కసిరేవాడట.

ఊరెళ్తే ఒకటే ప్రశ్న.

"మందెప్పుడొచ్చిద్దిరా?"

"ఇంకా ఎలకల మీదే చూస్తన్నాం బాబాయ్."

"పోనీ, వాటి మోకాళ్లన్నా బాగుపడతన్నయ్యా?" అని పకపకా నవ్వేవాడు.

పరీక్షలు పూర్తికాని పొడిని మనిషికి ఇవ్వకూడదు. ఇవ్వలేదు. అందులో తప్పు లేదని తెలుసు. కానీ ఆయన ఒంటి మీద కట్టు కనబడకపోతే నొప్పులు తగ్గాయనుకుని ఊరుకున్నాను, అదే నన్ను తినేస్తోంది.

దహనమయ్యాక పిన్ని దగ్గర కూర్చుని, ఈమధ్య నొప్పులెలా ఉండేవని అడిగాను.

"చానా బాధపడ్డాడురా. కట్టు మానేసి చానా కాలమైంది."

"ఎందుకు మానేశాడు?"

"వాగు గట్టున ఉన్నయ్యే నాలుగు చెట్లు, ఆ ఆకు నీకే చాలట్లేదని. నేను ఓ గుప్పెడు తీయబోతే, ‘ఏమే, అది వాడిది, పెట్టెయ్’ అని కేకలేశాడు."

లేచి వాగు గట్టుకు వెళ్లాను. వావిలి చెట్ల కింది కొమ్మలన్నీ దూసేసి ఉన్నాయి. నా ఛాతీ ఎత్తు దాటాక మాత్రం ఆకు ఒత్తుగా ఉంది, ఎవరూ ముట్టలేదు. బాబాయి చెయ్యి అంతకన్నా పైకి లేవలేదు.