ఏడు పాయల చామంతి మాల

“డాక్టరు ఏమి చెప్పినాడు? చెయ్యి ఆడించవద్దని చెప్పినాడా లేదా?”

“కుడిచెయ్యి అని చెప్పినాడు అత్తా. ఎడమచెయ్యి ఊసే ఎత్తలేదు.”

“ఎడమచేతికి వేరేగా కాగితం రాసిస్తారేమే? మనిషినే సుమ్మా, ఊరికే కూర్చోమన్నారు. చెయ్యి మనిషితోనే కదా ఉండేది!”

“కాగితంలో కుడిచేతి బొటనవేలు అనే ఉంది. నేనే చదివినాను.”

“ఆమా, అవును మరి, రెండో క్లాసు పండితురాలు చదివింది! ఆ మిల్లువాళ్ల కంట్లో పడినావంటే వచ్చే కూలీ పోతుంది, ఉండే పనీ పోతుంది. తర్వాత నీ ఎడమచేతినే ఉడకేసుకొని తిందాం, పో!”

రెండో ప్రపంచ యుద్ధం రాకముందు ఒక వేసవిలో మా వాకిట్లో మా అత్తకూ నాకూ జరిగిన వాదం ఇది. వీధిలో సగం మంది విన్నారు, మిగతా సగానికి వాళ్లు చెప్పారు. గెలిచింది నేనే. నేను గెలిచిన వాదాల్లో ఇంతగా నన్ను ముంచినది ఇంకొకటి లేదు. ఈనాడు నా మనవలు అబద్ధం ఆడితే తొడపాశం పెడతాను, అన్నం పారేస్తే రెండు పెడతాను. వాళ్లు దీన్ని చదివితే ఇంట్లో నా మాట ఎంత చెల్లుతుందో తెలిసే రాస్తున్నాను. నా నోరే నన్ను నలుగురి ముందు పట్టిచ్చిన కథ. నవ్వుకోండి గానీ, నా మనవల చెవిన వేయకండి.

అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. మా రాజపాళయంలో కొత్తగా పెట్టిన ఒక నూలుమిల్లులో రీలింగు పని. కండెల మీది నూలును పెద్ద రాట్నానికి చుట్టి, ఏడు పాయలుగా విడదీసి, ఆ పాయల నడుమ ఒక రంగు దారాన్ని పైనా కిందా పోనిచ్చి ముడి వేస్తే, అది ఒక చిలప. పొద్దున మిల్లు సైరను, మా మాటలో సంగు, ఊదింది మొదలు సాయంత్రం సంగు ఊదేదాకా ఇదే. ఏడు పాయలు, ముడి. ఏడు పాయలు, ముడి. ఇంటికి వచ్చి జడ వేసుకోబోతే జుట్టు కూడా ఏడు పాయలు అయ్యేది. ముడి వేశాక దాని తోకను లోపలికి దూర్చడం నాకొక్కదానికే అలవాటు. నా ముడి ఊడిందని మిల్లులో ఎవరూ అనలేదు. ఆ గర్వం నాకు తలకు పెట్టుకున్న నూనెలా మొహమంతా కారుతూ ఉండేది.

ఒకరోజు రాట్నం పళ్లచక్రం నా బొటనవేలిని నోట్లో వేసుకొని, రుచి నచ్చక ఉమ్మేసింది. మిల్లు డాక్టరు కట్టు కట్టి, చెయ్యిని మెడకు వేలాడదీసి కాగితం రాశాడు. వేలు మానేవరకు పదిహేను రోజులకొకసారి సగం కూలి ఇస్తారు. మనం చేయాల్సింది ఒక్కటే, ఏమీ చేయకపోవడం. కాగితంలో దానికి నష్టపరిహారం అని పేరు. మేము మాత్రం ‘కూర్చున్న కూలి’ అనేవాళ్లం. మా ఆయన సేత్తూరు దగ్గర వానను నమ్ముకొని పత్తి వేశారు. ఆ ఏడు వాన ఆయన్ను నమ్మలేదు. కాబట్టి ఇంటిల్లిపాదికీ గంజి పోసేది నా నలిగిన బొటనవేలే.

కూర్చోవడం ఎంత కష్టమైన పనో కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది. మొదటి వారం గోడకున్న పగుళ్లన్నీ చూశాను. రెండో వారం వాటికి పేర్లు పెట్టాను. మూడో వారం అత్తతో ఆ వాదం పెట్టుకొని, గెలిచి, బజారులో పూలకొట్టు పెట్టుకున్న పాపక్క దగ్గరకు పోయాను. పూటకు రెండు గంటల పని.

“ఒంటిచేత్తో ఎట్లా కడతావు అమ్మణ్ణీ?”

“నారను కాలివేలికి తగిలిస్తాను. ఒక కొసను పళ్లతో పట్టుకుంటాను. ఎడమచేత్తో ముడి వేస్తాను. చూడు.”

పాపక్క చూసింది. చూసి రెండు చెంపలూ వాయించుకుంది. “కడవుళే, భగవంతుడా! కాలూ ఎంగిలీ తగిలింది దేవుడికి ఎట్లా వేసేది?”

“మరి పనికి రానా?”

ఆమె నేను వేసిన ముడిని లాగి చూసింది. వ్యాపారం తెలిసిన మనిషి. “దేవుడి మాలలు నేను కట్టుకుంటాను. నీకు మనుషుల మాలలు ఇస్తాను. పెండ్లికొడుకులకు, ఆపీసర్లకు. వాళ్లకు ఏమి తెలుస్తుంది?”

అలా నేను మనుషుల విభాగానికి అధిపతినయ్యాను. గుట్టుగా సందులోంచి వెళ్లడం, గుట్టుగా రావడం. నెల తిరిగేసరికి నా ఎడమచెయ్యి కుడిచేతిని వెక్కిరించే స్థితికి వచ్చింది.

ఒక పొద్దున పాపక్క ఒక బుట్టెడు చామంతులూ మరువమూ నా ముందు కుమ్మరించింది. “ఎవరో పెద్ద మనిషికంట. లావుగా కట్టు.” లావుగానే కట్టాను. కట్టేసి ఇంటికి వచ్చేసరికి మిల్లు నుంచి కబురు. మద్రాసు నుంచి పెద్ద అధికారి, తెల్లదొర, వచ్చాడు, దెబ్బ తగిలినవాళ్లను మిల్లు ఎంత బాగా చూసుకుంటుందో ఆయనకు చూపించాలి, కట్టుతో వచ్చి ముందు వరుసలో నిలబడు అని.

“పో. మొహం కొంచెం ఏడుపుగా పెట్టుకో” అంది అత్త. “నీకది కష్టం గానీ, ప్రయత్నించు.”

వెళ్లి నిలబడ్డాను. పక్కన డాక్టరు, అటుపక్క మేనేజరు. రీలింగు ఆడవాళ్లంతా వెనక. అప్పుడు మా రీలింగు మేస్త్రి గురుసామి పళ్లెంలో మాల తెచ్చాడు. చూడగానే గుర్తుపట్టాను. నేను కట్టిందే. అంతకంటే ఘోరం ఏమిటంటే, మాల కడుతున్నానని నేననుకున్నాను గానీ, నా చెయ్యి దాని అలవాటులో అది చిలప కట్టేసింది. చామంతులు ఏడు పాయలు. నడుమ మరువం పైనా కిందా. చివర ముడి. తోక లోపలికి.

మేస్త్రి దాన్ని అధికారి మెడలో వేశాడు. వేసి ఊరుకోవచ్చు కదా! సర్దబోయాడు. ఆ మనిషి బొటనవేలికి వేరే మిల్లుల్లో ఉన్నప్పటి నుంచీ ఇరవై ఏళ్లుగా చిలపలు తడిమే రోగం. వేలు మాల మీద దానంతట అదే నడిచింది. ఒకటి, రెండు, మూడు... ఏడు. ఆగింది. మేస్త్రి కనుబొమలు తలపాగాలోకి పోయాయి.

“ఇదేంది, పూమాలా చిలపా?” అని గొణిగాడు. తల తిప్పి మా వరుసలన్నీ చూశాడు. “మన రీలింగు పిల్ల ఎవరో కట్టినట్టుంది.”

నేను పైకప్పు చూశాను. అంత శ్రద్ధగా కప్పును చూసిన మనిషి ఆ మిల్లులో నాకు ముందు లేరు. ఇంతమంది రీలింగు ఆడవాళ్లు ఉన్నారు, ఎవరని పట్టుకుంటాడు? నోరు మూసుకుంటే చాలు. మీరైతే మూసుకునేవారు. బుద్ధి ఉన్న గొడ్డు కూడా మూసుకునేది.

మేస్త్రి పెదవి విరిచాడు. “ఎవరు కట్టినారో గానీ, ముడి వదులు. లాగితే ఊడొస్తుంది.”

“వదులా?” ఆ గొంతు నాదేనని నాకు ఆలస్యంగా తెలిసింది. “నా ముడి వదులా? లాగి చూడండి మేస్త్రీ! ఏనాడైనా ఊడిందా నా ముడి?”

మేస్త్రికి పట్టుదల వచ్చింది. మాల ఎవరి మెడలో ఉందో మరిచి తోక పట్టుకొని ఒక్క గుంజు గుంజాడు. ముడి ఊడలేదు. అధికారి నడుము దాకా వంగి నాకు దండం పెట్టినట్టు నిలిచాడు.

ముడి గెలిచింది. నేను పోయాను.

“నువ్వు కట్టినావా రామలక్ష్మీ?” అడిగాడు డాక్టరు. ఆయన మొహం నా కట్టు కన్నా తెల్లగా ఉంది.

“ఎడమచేత్తో సార్. కాగితంలో కుడిచెయ్యి అనే కదా ఉంది?”

“ఒంటిచేత్తో ముడి ఎట్లా పడుతుంది?”

ఇక దాచి లాభమేముంది? “కాలివేలితో సార్. పళ్లతో.”

అధికారి ఏమిటని అడిగాడు. మేనేజరు ఇంగ్లీషులో చెప్పాడు. అంతదాకా మరువం వాసన పీలుస్తున్న ఆ పెద్దమనిషి పీల్చడం ఆపి, రెండు వేళ్లతో మాల తీసి, మెల్లగా మేస్త్రి మెడలో వేశాడు.

కట్టు విప్పించి చూశారు. బొటనవేలు ఇంకా చిన్న వంకాయలాగే ఉంది, దేవుడు అంతమాత్రం దయ చూపాడు. అధికారి చాలాసేపు మాట్లాడాడు. మేనేజరు దాన్ని పిండి నాలుగు మాటలు చేశాడు.

“వేలు మానలేదు, నిజమే. అందుకని పని తీసేయము. కానీ ఇంత ముడి వేసే మనిషికి కూర్చున్న కూలి ఎందుకని అడుగుతున్నాడు దొర. ఎడమచేతి పని ఏదైనా ఉందా మేస్త్రీ?”

“ఉంది సార్” అన్నాడు మేస్త్రి, మెడలో నా చామంతులతో. “అందరి చిలపలూ తోక లాగి చూసే పని. ఒక పూట చాలు, ఆ సగం కూలికే. ముడి ఊడినవాళ్ల చేత మాటలు పడేది కూడా ఈమెనే పడనీ.”

సాయంత్రం అత్తకు జరిగిందంతా చెప్పి, తిట్లు పడేందుకు తల వంచుకు కూర్చున్నాను. ఆమె తిట్టలేదు. అంతా విని, తమలపాకు మడిచి నోట్లో పెట్టుకొని, “పాపక్క కొట్లో నీ చోటు ఎవరికైనా ఇచ్చేసిందా?” అని అడిగింది.

నేను మెడకు వేలాడే చేతిని ఎడమచేత్తో పట్టుకొని, సేత్తూరు పొలం సాక్షిగా, రాని వాన సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఇక ఈ జన్మలో ఎవరు నా ముడి వదులన్నా, జారుడన్నా, అసలు ముడే కాదన్నా, నోటికి ఏడు పాయల ముడి వేసుకొని, తోక లోపలికి దూర్చుకొని కూర్చుంటాను.

మరునాడు పొద్దున సంగు ఊదింది. నేను మిల్లుకు వెళ్లాను. అత్త పూలకొట్టుకు వెళ్లింది. రెండు చేతులూ బాగున్న మనిషి కాబట్టి పాపక్క ఆమెకు దేవుడి మాలలే ఇచ్చింది.