రైల్వే బెంచీ మీద దొంగ గుమాస్తా

1978 జూన్‌లో నన్ను చిత్తూరు నుంచి ఆదోనికి బదిలీ చేశారు. హోదా తూనికలు, కొలతల శాఖ ఇన్‌స్పెక్టరు. ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు, వాటి చుట్టూ ఉన్న పల్లెలు నా పరిధి. పత్తి బేళ్ళు తూచే పెద్ద కాటా మొదలుకొని పాలు పోసే ఆమె చేతిలోని అర లీటరు కొలత దాకా, ఆ ప్రాంతంలో దేనితో తూచినా, కొలిచినా దాని మీద ఏడాదికోసారి మా ముద్ర పడాలి.

ఆ ముద్ర సంగతి కొంచెం చెప్పాలి. ఇనప తూకపు రాయి అడుగున చిన్న గుంట ఉంటుంది. అందులో సీసం పోసి ఉంటుంది. మా పెట్టెలోని ప్రమాణ తూనికలతో సరిచూసి, బరువు సరిపోతే ఆ సీసం మీద ఆ ఏటి ముద్ర కొడతాం. ఏటా ఒక్కో ఊళ్ళో క్యాంపు పెట్టి, ముందురోజు దండోరా వేయిస్తాం. వ్యాపారులు రాళ్ళు తెచ్చి, ముద్ర వేయించుకుని, రిజిస్టరులో యజమాని సంతకం పెట్టి పోతారు. ముద్ర గడువు దాటిన రాయితో తూచితే, బరువు రవ్వంత కూడా తగ్గకపోయినా సరే, నేరమే.

ఇంత చెప్పాక నాకు ఆదోనిలో స్నేహితులు ఎందుకు లేరో వేరే చెప్పక్కర్లేదు. వ్యాపారుల దగ్గర చుక్క కాఫీ కూడా తాగరాదని మా నిబంధన. నేను దాన్ని ఇంకో నాలుగు గజాలు సాగదీసి, వ్యాపారుల చుట్టాలతోనూ, ఆ చుట్టాల ఇళ్ళలో అద్దెకున్నవాళ్ళతోనూ ముభావంగా ఉండేవాణ్ణి. దాన్ని నిజాయితీ అనుకునేవాణ్ణి. అందులో సగం బిడియమని ఇప్పుడు ఒప్పుకుంటే నా పింఛను ఆగిపోదు కదా.

ప్రయత్నం చేయలేదని కాదు. ఆఫీసర్ల క్లబ్బులో చేరాను. మొదటి రోజే క్యారమ్స్ ఆడుతూ, స్ట్రయికరు ఉండవలసిన బరువు కంటే ఎక్కువ ఉన్నట్టుందని అన్నాను. మరుసటి వారం నుంచి నేను వెళ్ళేసరికి క్యారమ్స్ బోర్డు గోడకు ఆనించి ఉండేది. శనివారం భజనలో కూర్చున్నాను. ప్రసాదం పంచుతుంటే బెల్లం ఎవరి అంగడిదని అడిగాను. ఆ ప్రశ్నకు తాళాలు కూడా ఆగిపోయాయి. మా ఆవిడ సుశీల మూడు నెలల్లో వీధి మొత్తాన్నీ అక్కలుగా, వదినలుగా చేసుకుంది. నేను మాత్రం కిటికీ దగ్గర నిలబడి, జట్కావాడు తన గుర్రంతో మాట్లాడుతుంటే వాణ్ణి చూసి అసూయపడేవాణ్ణి. నలభై దాటాక కొత్తగా స్నేహం ఎట్లా చేయాలో మా శాఖాపరీక్షల్లో ఏ పేపరులోనూ లేదు.

రెండో ఏడు ఆగస్టులో డాక్టరు పొద్దున్నే నడవమన్నాడు. ఇంటి నుంచి రైల్వే స్టేషను దాకా నడిచి, ప్లాట్‌ఫారం చివరి బెంచీ మీద కూర్చునేవాణ్ణి. పార్సిలు ఆఫీసులో ఒక కాటా ఉంది. అది కంటపడకుండా దానివైపు వీపు పెట్టేవాణ్ణి. ఒకరోజు ఆ బెంచీ మీద తెల్లపంచె, నుదుట విభూతి, చేతిలో పేపరుతో ఒక లావుపాటి పెద్దమనిషి ఉన్నాడు. నేను వెనుదిరగబోతుంటే, "కూకోప్పా, బెంచీ నాదేం గాదు, రైలోళ్ళది" అన్నాడు.

పేరు వీరభద్రప్ప. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. ఏం చేస్తారని అడిగాడు. ఇన్‌స్పెక్టరు అంటే ఈయనా లేచిపోతాడని భయం పట్టుకుంది. సర్కారు ఆఫీసులో గుమాస్తానని చెప్పేశాను. నా చేత్తో నేనే నా హోదా తగ్గించుకున్నాను. "మంచిది. నాది ఊకె యాపారం" అన్నాడు. ఏం వ్యాపారమో నేను అడగలేదు. అడిగితే, ఆ జవాబు విన్నాక నేను లేచి రావలసి వస్తుంది.

ఆ రోజు నుంచి రోజూ గంటసేపు కబుర్లు. వాన రాలేదని, మోకాళ్ళు నొప్పులని, నా కొడుకు లెక్కల్లో సున్నా తెచ్చాడని, ఆయన తమ్ముడు ఇల్లు వేరుపోయాడని. ఒక అబద్ధానికి కాపలాగా ఇంకో నాలుగు కావలసి వచ్చాయి. లేని ఆఫీసులో లేని హెడ్ గుమాస్తాను పుట్టించాను. వాడు నన్ను సతాయించే తీరు వర్ణించి చెప్పేవాణ్ణి. వీరభద్రప్ప చాలా శ్రద్ధగా విని, "వానికి ఇంకా బదిలీ కాలేదా అప్పా?" అని వారానికోసారి పరామర్శించేవాడు. కొన్ని రోజులు జొన్నరొట్టె, శెనక్కాయ కారం గుడ్డలో కట్టుకొచ్చేవాడు. నిబంధన గుర్తుకు వచ్చేది. గుమాస్తాకు ఆ నిబంధన లేదు గదా అని తినేసేవాణ్ణి. నిజం చెప్పాలంటే ఆ గంట కోసమే నాకు తెల్లవారేది. ఆదివారం ఆయన రాకపోతే నాకు రోజంతా ఏదో పోయినట్టుండేది.

1980 ఏప్రిల్‌లో ఎమ్మిగనూరులో ఆకస్మిక తనిఖీకి వెళ్ళాను. వెంట ఖాజా ఉన్నాడు. మా మాన్యువల్ అసిస్టెంటు, అంటే తూనికల పెట్టె మోసే ఉద్యోగి. నా కంటే ముందు నుంచి ఆ ఊళ్ళ గుట్టంతా తెలిసినవాడు. బజారులో నాలుగో అంగడి దగ్గర, "సార్, ఇది వద్దు, దాని పక్కది సూద్దాం" అన్నాడు. ఎందుకు వద్దంటున్నాడోనని అనుమానం వచ్చి, నేను ఆ అంగడిలోకే పోయాను.

గల్లా వెనక వీరభద్రప్ప.

శెనక్కాయ విత్తనాలు, జొన్నలు అమ్మే అంగడి. ఆదోనిలో ఇల్లు, ఎమ్మిగనూరులో వ్యాపారం, రోజూ బస్సు. ఆయన లేచి నిలబడి, "రాండి సార్, కూర్చోండి" అన్నాడు. ఎనిమిది నెలల్లో ఆయన నన్ను సార్ అనడం అదే మొదలు.

రాళ్ళు తిప్పి చూశాను. అన్నింటి మీదా పోయిన ఏటి ముద్రే. జనవరిలో అక్కడే క్యాంపు పెట్టాను. ఆయన రాలేదన్నమాట. ఖాజా గొంతు తగ్గించి, చాయ్ తాగొస్తానని, తను ఏమీ చూడలేదని చెప్పాడు. కదలొద్దని వాడి మీద అరిచాను. స్నేహితుడని వదిలేశానంటారేమోనన్న భయంతో, మామూలుగా చూడని త్రాసు కొక్కేలు, నూనె కొలతలు కూడా చూశాను. రాళ్ళన్నీ ప్రమాణ తూనికలతో సరిచూశాను. ఒక్కటీ తగ్గలేదు. ఆయన అంత సరిగ్గా తూచేవాడని తెలిశాక నాకు మరీ ఏడుపొచ్చినంత పనైంది.

క్యాంపుకు ఎందుకు రాలేదని అడిగాను.

"అంతకు ముందేడు వచ్చినా. నీ ముందర గంటసేపు నిలబడినా. రాళ్ళు సూసినావు గానీ మనిషిని సూడలేదు. ఈయేడు వచ్చింటే సూసేటోనివి. మర్నాటి నుంచి బెంచీ కాడికి వచ్చేటోనివా?"

నేను ఇన్‌స్పెక్టరునని ఎప్పటి నుంచి తెలుసని అడిగాను. ఖాజా నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు.

"మొదట్నించీ తెల్సు. పెట్టె నెత్తిన పెట్టుకోని ఖాజా నీ ఎనకాలే వస్తాంటే, ఆదోనిలో నిన్ను ఎరగనోడు ఎవడుండాడప్పా?"

మరి హెడ్ గుమాస్తా సంగతి అన్నాను.

"బాగా సెప్తాంటివి. ఎందుకు ఆపల్లని ఇన్నా."

ఇద్దరు సాక్షుల ఎదుట పంచనామా రాశాను. అంటే, ఏం దొరికిందో, ఏం స్వాధీనం చేసుకున్నామో రాసి, అందరి చేతా సంతకాలు పెట్టించే కాగితం. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చదివి, పేరులో ఒక అక్షరం తప్పు రాశానని చూపించి, దిద్దించి, సంతకం చేశాడు. రాళ్ళు సంచిలో వేసుకుని బస్సెక్కాను. నా పక్క సీటు ఖాళీగా ఉన్నా ఖాజా పోయి వెనక సీట్లో కూర్చున్నాడు.

మరునాడు స్టేషనుకు పోలేదు. ఆ తరువాత పది రోజులూ పోలేదు. నడక కోసం ఊరికి అవతలి కొస, కొండ వైపు పోయి కుక్కలతో తరిమించుకున్నాను. చివరికి సుశీలకు ఓపిక పోయింది. "తప్పు చేసింది ఆయన, మొహం దాచుకున్నది మీరు. ఇదెక్కడి న్యాయం? చాతనైతే పోయి మాట్లాడండి, లేకుంటే ఇంట్లో ఆ నిట్టూర్పులు ఆపండి" అంది.

పదకొండో రోజు పోయాను. ఆయన బెంచీ మీదే ఉన్నాడు. పక్కన పేపరు మడిచి పెట్టి, ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీగా ఉంచాడు. నేను క్షమాపణ లాంటిదేదో మొదలుపెట్టాను. చెయ్యెత్తి ఆపాడు.

"కేసు రాసినావు. అది నీ పని. తప్పు నాది, కర్నూలు పోయి కట్టాల్సింది కట్టేసినా, కొత్త రాళ్ళకు ఆడనే ముద్ర గూడా ఏయించుకున్నా. దానికి నాకు కోపం రాలే. పది దినాలు ఈడ ఒక్కణ్ణే కూకున్నా సూడు, దానికొచ్చింది. నువ్వు రావని మా ఇంట్లో కూడా సెప్పుకోలేకపోతిని."

చాలాసేపు ఇద్దరం పట్టాలు చూస్తూ కూర్చున్నాం. ఆ తరువాత ఆయనే, "మీ హెడ్ గుమాస్తా ఏమంటాండాడు?" అన్నాడు. వాడికి నిన్ననే బదిలీ అయిందని చెప్పాను.

ఆ వారమే కర్నూలులోని మా పై అధికారికి అర పేజీ ఉత్తరం రాశాను. ఫలానా వ్యాపారి నాకు మిత్రుడు, ఆయన అంగడి తనిఖీని ఇకమీదట వేరే ఇన్‌స్పెక్టరుకు అప్పగించగలరు అని. పదో రోజుకు సరేనని జవాబు వచ్చింది. ఇంకే ప్రశ్నా లేదు. ఇటువంటి ఏర్పాటు మా శాఖలో మొదటి నుంచీ ఉంది. నేనూ చదివాను. పరీక్షలో దాని మీద మార్కులు కూడా తెచ్చుకున్నాను. నాకు స్నేహితుడంటూ ఒకడు ఉంటాడని తట్టక, దాన్ని ఎప్పుడూ వాడలేదు.

ఆదోనిలో 1986 దాకా ఉన్నాను. ఈ సంఘటన నాకు నేర్పింది రెండు ముక్కల్లో చెప్తాను. ఉద్యోగ నిబంధన లంచాన్ని ఆపుతుంది, మనిషిని ఆపదు. ఆపుతోందని మనం చెప్పుకుంటుంటే, అడ్డం నిబంధన కాదు, మనమే. ఇక రెండోది. కొత్త ఊళ్ళో స్నేహితుణ్ణి సంపాదించానని నేను కొన్నాళ్ళు గొప్పగా చెప్పుకున్నాను. లెక్క సరిచూసుకుంటే, బెంచీ మీద చోటిచ్చింది ఆయన, నా అబద్ధాలు భరించింది ఆయన, స్నేహం పోతుందేమోనని నేరానికి ఒడిగట్టింది ఆయన, పది రోజులు ఎదురు చూసింది ఆయన. నేను చేసిందల్లా పంచనామా రాయడం. అందులోనూ ఆయన పేరు తప్పు రాశాను.