వట్లూరు ఇంట్లో బోర్లించిన గ్లాసు

దెయ్యాలూ గాలీ ధూళీ అంటే నవ్వేదాన్ని నేను. ఇప్పుడైనా ఉన్నాయని చెప్పడానికి ఈ సంగతి రాయించడం లేదు. కొల్లేరు పక్కన మా ఊళ్ళో శ్మశానానికి పోయే దారిలోనే మా కిరాణా కొట్టు ఉండేది. సాగనంపి వచ్చినవాళ్ళు స్నానానికి సబ్బు మా దగ్గరే కొనుక్కునేవాళ్ళు. పొద్దుపోయాక ఆ దారిన రావాలంటే మగవాళ్ళే తోడు కోసం నిలబడేవాళ్ళు. నేను ఒక్కదాన్నే కొట్టు కట్టేసి, తాళాలు కొంగుకి ముడేసుకుని ఇంటికి వచ్చేదాన్ని. నాకు భయమల్లా పాములంటే, ఇంట్లోకి వచ్చే వాన నీళ్ళంటే. పోయినవాళ్ళంటే ఏం భయం? బతికున్నప్పుడు వాళ్ళంతా మా కొట్లో ఉప్పూ పప్పూ కొనుక్కున్నవాళ్ళే.

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెప్తుంటే మా అమ్మాయి పద్మ రాస్తోంది. నువ్వు నమ్మినా నమ్మకపోయినా నేను చెప్పినట్టే రాయమన్నాను.

ముందు మా ఆయన సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే ఆ గ్లాసు మామూలు గ్లాసే.

పెళ్ళయిన కొత్తలో మేము తాడేపల్లిగూడెంలో రైల్వే గేటు పక్కన ఉండేవాళ్ళం. ఒక అద్దె గది, దాని ముందు చిన్న కొట్టు. కొట్లో చెక్కబల్ల మీద గాజు సీసాలు వరసగా పెట్టుకునేవాళ్ళం. బిస్కెట్లు, పిప్పరమెంట్లు, జీళ్ళు. గూడ్సు బండి పోతుంటే ఆ సీసాలు నడిచేవి. నిజంగానే నడిచేవండీ. ఒకదానికొకటి తగులుతూ, గలగలమంటూ బల్ల అంచుకి వచ్చేసేవి. బండి పోయాక ఆయన వాటిని మళ్ళీ వెనక్కి నెట్టేవారు. రోజంతా అదే పని.

ఒకరోజు ఆయన ఉల్లిపాయల మార్కెట్టుకి వెళ్ళారు. నేను లోపల తాలింపు పెడుతున్నాను. గూడ్సు వచ్చింది, పిప్పరమెంట్ల సీసా కింద పడి పగిలింది. గేటు దగ్గర ఆగిన పిల్లలందరికీ పండగే. గాజు పెంకులున్నాయిరా అని అరిస్తే ఎవడు వింటాడు? ఆయన వచ్చి చూశారు. "గూడ్సు కూడా మన కొట్టుకి బేరమేనే, సరుకు పట్టుకుపోయింది" అని చీపురు అందుకున్నారు.

కొన్నాళ్ళకి ఆ ఇంటి గోడ కూడా బీట వారింది. అప్పటినుంచి ఆయనకి ఒక అలవాటు పడింది. ఏ ఇల్లు చూడటానికి వెళ్ళినా సంచిలో ఒక స్టీలు గ్లాసు, మూత బిగించే మరచెంబు నిండా నీళ్ళు ఉండాల్సిందే. కిటికీ గట్టు మీద గ్లాసు పెట్టి, అంచు దాకా నీళ్ళు పోసి, గూడ్సు కోసం కూర్చునేవారు. పాసింజరు బండి లెక్కలోకి రాదు, గూడ్సే రావాలి. నీళ్ళు ఒలికితే ఆ ఇల్లు వద్దు. వణికినా ఒలక్కపోతే ఆ పునాది గట్టిదని ఆయన నమ్మకం.

ఇంటివాళ్ళు నవ్వేవాళ్ళు. ఒకావిడైతే మొహం మీదే అడిగేసింది.

"ఇల్లు చూడటానికొచ్చారా బాబూ, గూడ్సు చూడటానికొచ్చారా?"

"గూడ్సు వస్తేనే ఇల్లు కనపడుతుందండీ" అన్నారు ఈయన.

ఇల్లు నచ్చకపోతే నీళ్ళు పారబోసి, గ్లాసు తుడిచి సంచిలో వేసుకునేవారు. నచ్చితే ఆ నీళ్ళు గుమ్మం ముందు చల్లి, గ్లాసు అదే కిటికీలో బోర్లించి వచ్చేసేవారు. బస్సులో సీటు మీద తువ్వాలు వేస్తారు చూడండి, అలాగన్నమాట. గ్లాసు వదిలేసి రావడం ఏమిటండీ అని నేను దెబ్బలాడితే, "మన చోటు మనం ఆపుకోవద్దూ?" అనేవారు.

ఆయన గ్లాసు బోర్లించడం నేను చూసింది ఒకే ఒక్కసారి. గూడెంలోనే, గేటు అవతల, జామచెట్టు ఉన్న ఇల్లు. మేము డబ్బు సర్దుకునేలోపు ఇంకొకళ్ళు కొనేసుకున్నారు. గ్లాసు తెచ్చుకోవడానికి వెళ్ళాలంటే ఆయనకి మొహం చెల్లలేదు. నేనే వెళ్ళి తెచ్చాను.

తర్వాత కొల్లేరు వైపు వెళ్ళిపోయాం. చేపల చెరువుల మీద పనిచేసే జనానికి కొట్టు కావాలి, అక్కడ మాకు పోటీ లేదు. ఇంట్లో చేప ముట్టం, చుట్టూ చేపలే. మొదట్లో ఆ వాసనకి అన్నం సయించేది కాదు. తర్వాత ఊరెళితే ఆ వాసన లేక తోచేది కాదు. పద్మ అక్కడే పుట్టింది. పొద్దున్నే పడవల వాళ్ళు వచ్చి బీడీలు, అగ్గిపెట్టెలు అడుగుతుంటే దాన్ని చంకనేసుకుని బేరం చేసేదాన్ని.

ఆయనకి మాత్రం చాలా రోజులు నిద్ర పట్టలేదు. "ఇదేం ఊరే, రాత్రంతా ఏమీ పోదు!" అనేవారు. వానాకాలం నీళ్ళు గుమ్మం దాటి వచ్చినప్పుడు పప్పు బస్తాలు మంచాల మీదకి ఎక్కించి, మేము ముగ్గురం కొట్టు బల్ల మీద కూర్చునేవాళ్ళం. అప్పుడు చెప్పేవారు. ఎప్పటికైనా మళ్ళీ లైను పక్కకి పోదాం, సొంతిల్లు కొందాం, కిటికీలోంచి బండి కనపడాలి, చప్పుడు వినపడాలి, గోడ మాత్రం కదలకూడదు అని. నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని ఇంటి గురించి మాట్లాడుకున్నవాళ్ళం మేమే అయి ఉంటాం. ఆ రోజులు కష్టమనే అనుకున్నాను అప్పుడు. ఇప్పుడు తలచుకుంటే మళ్ళీ ఆ బల్ల మీద కూర్చోవాలనిపిస్తుంది.

ఆ ఇల్లు కొనకుండానే పోయారు. గుండె. ఏలూరు తీసుకొచ్చేలోపే అయిపోయింది.

నేను కొట్టు అమ్మేశాను. ఆ డబ్బుకి పద్మా, అల్లుడు శ్రీధరూ దాచుకున్నది కలిపి ఒక ఇల్లు కొనాలనుకున్నాం. మాకున్నదంతా అదే. తప్పు ఇల్లు కొన్నామంటే మళ్ళీ ఇంకోటి కొనడం ఈ జన్మకి లేదు.

పద్మకి తాడేపల్లిగూడెంలో ఆఫీసు ఉద్యోగం. అల్లుడికి ఏలూరులో మందుల షాపులో పని. పద్మ రోజూ రైల్లో వెళ్ళి రావాలి, అందుకని స్టేషనుకి నడిచిపోయేంత దూరంలో ఇల్లు కావాలి. ఏలూరు స్టేషను చుట్టుపక్కల ధరలు మాకు అందేవి కావు. పవర్‌పేటలో ఒకటి చూశాం, మంచం పట్టే సందు కూడా లేదు. దెందులూరు అయితే అల్లుడికి దూరం. తిరిగి తిరిగి చెప్పులరిగాక, చివరికి ఊరికి అవతల ఒక అపార్ట్‌మెంటులో ఫ్లాటు కుదిరేలా కనపడింది. లిఫ్టు ఉంది, టైల్స్ ఉన్నాయి. స్టేషనుకి మాత్రం రెండు ఆటోలు మారాలి.

"చలికాలం సాయంత్రాలు రెండు ఆటోలంటే ఎలాగండీ?" అంది పద్మ. 

"ఇంతకంటే మనకి దొరకదు" అన్నాడు అల్లుడు. 

నేను సరే అన్నాను కానీ లోపల ఇష్టం లేదు. సోమవారం అడ్వాన్సు ఇస్తామని బ్రోకరు మూర్తి గారికి మాట ఇచ్చేశాం.

ఆదివారం ఆ మూర్తి గారే వచ్చి కూర్చుని, మాటల్లో అన్నారు. ఏలూరు పక్కనే వట్లూరులో చిన్న డాబా ఇల్లు ఒకటుంది, స్టేషను నుంచి నడకే, ధర కూడా తక్కువే, కానీ పట్టాల పక్కనని చూసినవాళ్ళంతా వెళ్ళిపోతున్నారని.

"చవగ్గా ఇస్తున్నారంటే ఏదో లోపం ఉండే ఉంటుంది అత్తయ్య గారూ" అన్నాడు అల్లుడు. "రేపు గోడలు బీటలిస్తే మనం ఎక్కడికి పోతాం?"

ఆ మాట నిజమే. అయినా చూసి వద్దామన్నాను. సంచిలో మా గ్లాసు వేసుకున్నాను, సీసాతో నీళ్ళు పట్టుకున్నాను. అది ఎందుకో పద్మకి తెలుసు. నవ్వి ఊరుకుంది.

మంచి ఎండలో వెళ్ళాం. ఇంటాయన రిటైరైన మాస్టారు, పక్క వీధిలో ఉంటారు. కట్టించిన ఇంట్లోకి తను దిగలేదు, అద్దెకీ ఇవ్వలేదు. రంగు అతుక్కుపోయి తలుపు రాలేదు. మాస్టారూ అల్లుడూ ఇద్దరూ భుజం పెట్టి తోస్తే తెరుచుకుంది. లోపల నేలంతా సిమెంటు దుమ్ము, పిండి చల్లినట్టు.

వాళ్ళు పడకగది చూస్తుంటే నేను వంటింట్లోకి వెళ్ళాను. కిటికీలోంచి పట్టాలు కనపడుతున్నాయి. ఆ కిటికీ గట్టు మీద ఒక స్టీలు గ్లాసు బోర్లించి ఉంది.

భయం వేయలేదు. దగ్గరికి వెళ్ళి ఎత్తాను. దాని కింద గట్టు రాయి మీద గుండ్రంగా తడి. గ్లాసు లోపల నుంచి ఒక చుక్క నా అరచేతిలో పడింది. చల్లగా ఉంది.

వెనక్కి తిరిగి నేల చూశాను. ఆ దుమ్ములో గుమ్మం నుంచి కిటికీ దాకా నా పాదాల గుర్తులే ఉన్నాయి. కిటికీకి దోమల జాలీ ఉంది, రెక్కలకి లోపల గడియ వేసి ఉంది. కుళాయి తిప్పాను. గాలి కూడా రాలేదు. నా నీళ్ళ సీసా మూత ఇంకా తీయలేదు.

మా ఇంటి సామాన్లన్నిటి మీదా ఆయన పేరు చెక్కించి ఉంటుంది. నాకు చదువు రాకపోయినా ఆ పేరు నా వేలికి తెలుసు. ఆ గ్లాసు చుట్టూ వేలుతో తడిమాను. ఏ పేరూ లేదు. అది మాది కాదు. దాన్ని మళ్ళీ ఆ తడి మీదే పెట్టేసి అందరినీ పిలిచాను.

"ఈ గ్లాసు ఎవరిదండీ మాస్టారూ?"

"ఏ గ్లాసమ్మా? మేమిక్కడ చెంచా కూడా పెట్టలేదే!"

"పనివాళ్ళు టీ తాగి వదిలేసుంటారండీ" అన్నారు మూర్తి గారు.

"పనివాళ్ళు పోయి ఎన్నాళ్ళయింది మూర్తి గారూ? కింద తడి ఉందండీ" అన్నాను.

పద్మ వంగి గట్టు మీద వేలు పెట్టి చూసింది. వేలు చీరకి తుడుచుకుంది.

నేను మా గ్లాసు తీసి దాని పక్కనే పెట్టి, అంచు దాకా నీళ్ళు పోసి, గుమ్మంలో చతికిలబడ్డాను.

"దేనికోసమమ్మా?" అన్నారు మాస్టారు.

"గూడ్సు కోసమండీ."

పద్మ గట్టిగా నవ్వింది. నవ్వుతూనే అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది. ఒక పాసింజరు పోయింది. అల్లుడు ఫోను చూసుకుంటున్నాడు. చాలాసేపటికి గూడ్సు వచ్చింది, బొగ్గు బండి, ఎంతకీ అయిపోనంత పొడుగు. తలుపులు గడగడలాడాయి. మా గ్లాసు రాయి మీద టకటకమని కొట్టుకుంది. నీళ్ళు గుండ్రాలు గుండ్రాలుగా వణికి అంచు మీదకి ఉబ్బాయి. ఒలకలేదు.

పక్కనున్న ఆ రెండో గ్లాసు మాత్రం చప్పుడే చేయలేదు. పైన ఎవరో అరచెయ్యి వేసి అదిమి పట్టుకున్నట్టు ఉంది. అది చూసింది నేనొక్కదాన్నే కాదు. అల్లుడు ఫోను జేబులో పెట్టేసి, వంగి, రెండింటినీ మార్చి మార్చి చూశాడు.

"ఒలకలేదండీ అత్తయ్య గారూ" అన్నాడు. గొంతు తగ్గించి అన్నాడు.

ఆ నీళ్ళు తీసుకెళ్ళి గుమ్మం ముందు చల్లాను. ఇదే ఇల్లన్నాను. అల్లుడు ఊరికే ఒప్పుకోలేదు, తెలిసిన ఇంజనీరుని తీసుకొచ్చి పునాది, గోడలు చూపించాడు. లోపం లేదన్నాడాయన. ఫ్లాటు మానేశాం. పాలు పొంగించి ఇందులోకి దిగాం.

నాకు తోచినవన్నీ అడిగాను. ఇల్లు కట్టిన మేస్త్రీని మాస్టారి చేత పిలిపించాను. "మేము కాగితం కప్పుల్లో తాగుతామండీ" అన్నాడు. తాళంచెవి ఒకటే, అది మాస్టారి ఇంట్లోనే ఉంది. పైకప్పు కారిందేమో అనుకుందామంటే వాన పడి నెలలయింది. పడినా బోర్లించిన గ్లాసు లోపలికి చుక్క ఎలా వస్తుంది?

సాయంత్రం పూట ఆ కిటికీ దగ్గరే నిలబడతాను. పద్మ వచ్చే బండి కనపడగానే టీకి నీళ్ళు పడేస్తాను. నీళ్ళు మరిగేసరికి అది చెప్పులు విడుస్తూ ఉంటుంది. రాత్రి గూడ్సులు పోతుంటే గిన్నెలన్నీ చప్పుడు చేస్తాయి. నాకు హాయిగా నిద్ర పడుతుంది.

ఆ గ్లాసు అక్కడే ఉంది. దాని చుట్టూ తుడుస్తాను, దాన్ని మాత్రం ముట్టుకోను. గూడ్సు పోయేటప్పుడు ఇప్పటికీ అదొక్కటే చప్పుడు చేయదు. ఎందుకో నాకు తెలియదు.

ఇక్కడిదాకా రాసి పద్మ కలం పక్కన పెట్టి, "పోనీ ఇప్పుడు ఎత్తి చూద్దామా అమ్మా?" అంది. వద్దన్నాను. కింద తడి ఉంటే అది ఎక్కడిదో నేను చెప్పలేను. ఆరిపోయి ఉంటే మాత్రం తట్టుకోలేను.