అక్క కోసం తాతయ్య చూసిన కాలేజీలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో 'లేదు' అనే మాట ఎవరి నోటా వచ్చేది కాదు. అన్నీ ఉన్నవాళ్ళమని కాదు. మాది వరంగల్ కొత్తవాడ, జంపఖానాలు నేసే ఇల్లు. ముందు అర్రలో అమ్మకం, వెనక కొట్టంలో మగ్గాలు. అమ్మకం జరిగే చోట 'లేదు' అంటే లక్ష్మి గడప దాటిపోతుందని మా తాతయ్య నమ్మకం. ఉప్పు అయిపోతే నిండుకుందనాలి. దీపం ఆరితే కొండెక్కిందనాలి. మరి ఇవ్వడం ఇష్టం లేనిదేదో కొనడానికి వచ్చిన గిరాకీ అడిగితే? మా తాతయ్య పనితనమంతా అక్కడే కనిపించేది.

గోడకు ఆనించిన జంపఖానా ఎవరి పెళ్ళికో మాట ఇచ్చి నేసినది అనుకోండి. వచ్చినాయన కన్ను సరిగ్గా దాని మీదే పడుతుంది. అది అమ్ముడైపోయిందని తాతయ్య చచ్చినా అనడు. "ఇస్త, దానికేం భాగ్యం. ముందుగాల జర గిది సూడున్రి" అని ఇంకోటి పరిచి చూపిస్తాడు. అది బాగుందంటే, అంతకంటే మంచిది ఇంకోటి ఉందంటాడు. నడుమ చాయ్ తెప్పిస్తాడు. చివరికి అర్రంతా రంగులు పరుచుకుపోయి, తాను ఏది అడిగాడో వచ్చినాయనకే గుర్తులేక, "మళ్ళొస్త తీ" అని ఆయనే లేచిపోయేవాడు. కాదన్నదీ లేదు, ఇచ్చిందీ లేదు. ఆ చుట్టలు భుజాన వేసుకొచ్చి పరిచేది మా అక్క. ఆ మనిషి వీధి మలుపు తిరగగానే అక్కా నేనూ పడీ పడీ నవ్వుకునేవాళ్ళం. మా తాతయ్యంత మర్యాద తెలిసిన మనిషి వాడలో మరొకరు లేరని నాకు భలే గర్వంగా ఉండేది.

డెబ్బైల నాటి మాట. అక్క ఇంటర్ ఫస్ట్ క్లాసులో పాసైంది. మా వాడలో ఆడపిల్ల అంతవరకు రావడమే గొప్ప. పాసైన రోజే, హనుమకొండ డిగ్రీ కాలేజీలో బీయెస్సీ చేరతానంది. కెమిస్ట్రీ అంటే దానికి ప్రాణం. పెరట్లో నూలుకు రంగులద్దే తొట్టి దగ్గర గంటలకొద్దీ నిలబడేది. ఒక రంగు నూలును పట్టుకుని వదలదు, ఇంకో రంగు మొదటి ఉతుకుకే నీళ్ళ పాలవుతుంది, ఎందుకు అని అందరినీ వేధించేది. రంగులవాళ్ళకు ఎంత కలపాలో తెలుసు గానీ ఎందుకో తెలియదు. ఆ ఎందుకో తేల్చుకోవాలన్నదే మా అక్క కోరిక.

నాన్నను అడిగితే "తాతను అడుగు" అన్నాడు. మా నాన్నకు తెలిసిన జవాబు అదొక్కటే. తాతయ్య మాత్రం అక్క తల మీద చెయ్యి వేసి నవ్వాడు.

"తప్పకుండ చదువు బిడ్డా. కని ఇంత పెద్ద రాష్ట్రంల ఇంటి పక్కది ఒక్కటి చూసి మోసపోతమా? హైదరాబాదు కాలేజీలున్నయి, గుంటూరు, వైజాగు, తిరుపతి ఉన్నయి. అన్నీ చూసి మంచిది పట్టుకుందాం. ఫికర్ చెయ్యకు."

అక్క ఆయన కాళ్ళకు దండం పెట్టింది. ముందు హనుమకొండలో ఒక దరఖాస్తు పెట్టి వెళ్దామని మాత్రం అడిగింది. "పెడితే మాట ఇచ్చినట్టే గద బిడ్డా. నాలుగు చూడకుండ మాట ఇయ్యొద్దు" అన్నాడు తాతయ్య. ఎంత పెద్దమనిషి మాట! అమ్మ కూడా తలాడించింది.

ఏటా ఆ రోజుల్లో తాతయ్య ఊళ్ళు తిరిగి బట్టల దుకాణాలకు జంపఖానాలు అమ్మకానికి వేసి వచ్చేవాడు. ఆ ఏడు తనతో అక్కను తీసుకెళ్ళాడు, అక్కకు తోడుగా చెల్లెలినైన నన్ను కూడా. నాకు అదొక పండగ. రైలు కిటికీ, ఆకుల్లో కట్టిన పులిహోర, కృష్ణ మీద వంతెన దాటేటప్పుడు విసిరిన పైసా, మొదటిసారి చూసిన సముద్రం. నా బాల్యం మొత్తంలో అంత సంతోషపడిన రోజులు లేవు. అక్క బతుకు చెడింది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే. ఏ జ్ఞాపకాన్ని దేని నుంచి విడదీసుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

తాతయ్య కాలేజీలు చూసే తీరు చూసి తీరవలసిందే. పిల్లనిచ్చే ఇంటిని కూడా ఎవరూ అంత శ్రద్ధగా చూసి ఉండరు. హాస్టల్ బావిలో నీళ్ళు చేదించి రుచి చూసేవాడు. ప్రహరీ ఎత్తు ఎంతో నిలబడి అంచనా కట్టేవాడు. వంటామెను పిలిచి చారులో ఏం వేస్తావని అడిగేవాడు. బయటికి వచ్చాక ఒక మెచ్చుకోలు, దాని వెంటే ఒక వంక. హైదరాబాదులో చదువు మంచిదే, కాని ఊరు ఆగమాగం. గుంటూరులో లెక్చరర్లు దిట్టలు, కాని కూరలో కారం పిల్ల కడుపు తట్టుకోదు. విశాఖలో ల్యాబు అద్దంలా ఉంది, కాని ఆ ఉప్పుగాలి ఒంటికి పడదు. తిరుపతిలో దేవుడున్నాడు, కాని దేవుడున్న చోట జనం ఎక్కువ.

అక్క మాత్రం నిజంగానే పోల్చి చూసింది. రైల్లో నాకు వరుసగా చెప్పేది, ఎక్కడ ల్యాబులో ఏమేం ఉన్నాయో, ఎక్కడ లైబ్రరీ ఆడపిల్లలకు సాయంత్రం దాకా తెరిచి ఉంటుందో. హనుమకొండ చాలనుకుని బయలుదేరిన పిల్ల, విశాఖ ల్యాబు చూశాక రెండు రోజులు మరో మాట మాట్లాడలేదు. చిన్న ఆశతో వచ్చినదానికి పెద్ద ఆశ పుట్టించాడు మా తాతయ్య. దానికి మాత్రం నేను ఆయనను ఎన్నటికీ క్షమించలేను.

గుంటూరులో ఒక గుమాస్తా మా మాటలన్నీ విని ఆశ్చర్యపోయాడు. "పెద్దాయనా, ఇక్కడ ముందు మా జిల్లాలవాళ్ళకే సీట్లిస్తారండీ. మీ దగ్గరే కాలేజీ ఉందంటున్నారు కదా, ఈ ఎండలో పిల్లల్నేసుకుని ఇంత దూరం ఎందుకొచ్చారండీ?" అన్నాడు. అక్క తాతయ్య వంక చూసింది. ఆయన నవ్వి, "చూస్తే పోయేదేముందయ్యా" అన్నాడు. పోయేది రోజులని ఆ గుమాస్తాకు తెలుసనుకుంటాను. గోడ మీది క్యాలెండర్ వైపు ఒకసారి చూసి, మళ్ళీ తన కాగితాల్లో పడ్డాడు.

మేము తిరిగి వచ్చేసరికి వానలు పడుతున్నాయి. మర్నాడు పొద్దున్నే అక్క ఒక్కతే బస్సెక్కి హనుమకొండ పోయింది. మధ్యాహ్నానికి తడిసి వచ్చింది. అడ్మిషన్లు బంద్ అయ్యాయట. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు అంటారు. మాకు ఆ ఎలుక కూడా దక్కలేదు.

అప్పుడు ముందు అర్రలో గిరాకీ ఉన్నాడు. పక్క ఊరి ఆసామి ఎవరో అమ్మకానికి లేని జంపఖానా ఒకటి అడుగుతున్నాడు. తాతయ్య ఎప్పటిలాగే, "బిడ్డా, ఆ ఎర్రంచుది తెచ్చి పరువు" అన్నాడు. అక్క తెచ్చి పరిచింది. "నీలంది సుత తే." అదీ పరిచింది. మూడోది సగం విప్పి ఆగిపోయింది. చేతుల్లో చుట్ట అలాగే ఉంది. ఆసామి ముందే, మెల్లగా అడిగింది.

"నాకు సుత జంపఖానాలే పరిచి చూపించినవా తాతా?"

తాతయ్యకు కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మొఖం మీద లేదంటే నీ మనసు నొస్తది గద బిడ్డా. అందుకే గింత తిరిగిన. వచ్చే యాడాది చూద్దాం" అన్నాడు.

"వచ్చే యాడాది ఇంకే ఊర్లు చూపిస్తవు?" అంది అక్క. జవాబు కోసం ఆగకుండా సగం విప్పినదాన్ని చుట్టి గోడకు ఆనించి, వెనక కొట్టంలోకి వెళ్ళి మగ్గం మీద కూర్చుంది. ఆసామి చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు మేమిద్దరం నవ్వుకోలేదు.

అసలు సంగతి అమ్మ తర్వాత చెప్పింది. డిగ్రీ చదివిన పిల్లకు మగ్గం నేసే పిల్లవాడు దొరకడని, కులం దాటి పోతుందని తాతయ్య భయం. ఆ మాట అక్కతో అని ఉంటే అక్క ఏడ్చేది, అరిచేది, అన్నం మానేసేది. హనుమకొండ పోయి తనకు చదువు చెప్పిన మాస్టారినో, అయినవాళ్ళనో తెచ్చి కూర్చోబెట్టేది. గడువు దాటకముందే ఏదో ఒకటి చేసేది. కాని ఊరూరూ తిప్పి, పులిహోర తినిపించి, సముద్రం చూపించిన తాతతో ఎవరు మాత్రం పోట్లాడగలరు? నవ్వుతూ గొంతు కోయడమంటే అదే. పైగా ఆ కోసిన మనిషి మనసారా అది ప్రేమ అనుకున్నాడు. నాకు ఎక్కువ చేదుగా ఉండేది అదే.

మరుసటి ఏడు కాలేజీ ఊసు ఆయనా ఎత్తలేదు, అక్కా ఎత్తలేదు. ఆ పై ఏడు అక్క మా ఊళ్ళోనే కాశిబుగ్గలో ఒక నేతపనివాళ్ళ ఇంటికి కోడలుగా వెళ్ళింది. బావ మంచివాడే. కష్టపెట్టింది లేదు. నా ఇంటర్ అయిన ఏడు మాత్రం అక్క పొద్దున్నే వచ్చి, మగ్గం గుంటలో కూర్చున్న నాన్న చేత, ఆయన 'తాతను అడుగు' అనేలోపే, దరఖాస్తు మీద అక్కడికక్కడే సంతకం చేయించి, నన్ను చెయ్యి పట్టుకుని హనుమకొండ లాక్కుపోయింది. ఏ కాలేజీ మంచిదని నన్ను అడగలేదు. నేనూ దాన్ని అడగలేదు. దగ్గరిది, తెరిచి ఉన్నది, అంతే. ఇప్పుడు నేను టీచరుగా రిటైరయ్యాను.

అక్క ఆ జంపఖానా చుట్టేసిన రోజు నుంచి నేను ఎవరికీ 'చూద్దాం' అని చెప్పలేదు. ఇష్టం లేకపోతే లేదనే అంటాను. మా ఇంట్లో నన్ను కఠినురాలంటారు, అననీ. నా కూతురు దూరం పోయి చదువుతానన్నప్పుడు కూడా నాకు భయం వేసి, పంపను, అని మొహం మీదే చెప్పాను. అది వారం రోజులు నాతో మాట్లాడలేదు. వాళ్ళ నాన్నను తన వైపు తిప్పుకుంది, లెక్చరర్‌ను ఇంటికి తీసుకొచ్చింది, నా అన్నం గిన్నె నా ముందే విసిరి కొట్టింది. చివరికి నేనే ఓడిపోయాను. అది పెట్టె సర్దుకుంటున్న రోజు అక్క వచ్చింది. నా బిడ్డ ఎంత మొండిదో, నన్ను ఎన్ని మాటలందో వరుసగా చెప్పుకుని వాపోయాను. అక్క అంతా విని, ఆ పెట్టె వైపే చూస్తూ అంది.

"దాని నసీబు మంచిదే. కొట్లాడుదామంటె దాని ఎదురుంగ నువ్వున్నవు."