నా వైపు అంతా బాగానే ఉంది

ఏళ్ల తరబడి ఈ బరువు మోస్తున్నాను. ఎన్నోసార్లు నోటిదాకా వచ్చి వెనక్కి పోయింది. మా ఆవిడకి కూడా చెప్పలేదు. ముఖం తెలియని మీకైతే చెప్పగలనేమో.

కూకట్‌పల్లిలో ఇల్లు, హైటెక్ సిటీలో ఉద్యోగం. అప్పట్లో మా టీమ్ ఆసుపత్రుల అపాయింట్‌మెంట్ల యాప్ నడిపేది. కోడ్ రాసేది మమత. కాంట్రాక్టు మీద చేరి, పర్మనెంట్ కోసం ఎదురుచూస్తోంది. ఆమె రాసినదాన్ని కంటైనర్‌లో పెట్టి సర్వర్ మీద నడిపించేది నేను. కంటైనర్ అంటే పెద్ద ఇంట్లో అద్దెకిచ్చిన గది అనుకోండి. ఆ గది ఎంత ప్రాసెసర్ వాడుకోవచ్చో పరిమితి పెట్టేది నేనే. అది దాటితే ప్రోగ్రామ్ ఆగిపోదు. దాన్ని కాసేపు ఆపి, వదిలి, మళ్లీ ఆపుతుంటుంది సిస్టమ్. పైకి ఏమీ తెలియదు, అపాయింట్‌మెంట్ కోసం చూసేవాళ్లకి మాత్రం తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది.

మమత రాసిన కొత్త కోడ్‌ని నేను సర్వర్ మీదకి ఎక్కించిన రోజు, టెస్టింగ్‌కి వాడే సెట్టింగుల ఫైలునే కాపీ కొట్టాను. అందరం చేసేదే. అందులోని చిన్న పరిమితిని పెంచడం మరిచిపోయాను. యాప్ నత్తనడక పట్టింది. ఆసుపత్రుల నుంచి ఒకటే ఫోన్లు. మారింది ఆమె కోడే కదా, అందరి వేళ్లూ అటే చూపించాయి.

మమత నా సీటు దగ్గరికొచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అన్నా, ఎంత వెతికినా నా కోడ్‌ల ఏం దొరుకుతలేదు. జర నీ దిక్కు సెట్టింగులు ఒక్కసారి చూస్తవా?"

"చూశానమ్మా. నా వైపు అంతా బాగానే ఉంది."

చూడలేదు. ఆమె వెళ్లాక చూశాను. టెస్టింగ్‌కి పెట్టిన చిన్న పరిమితే అలాగే ఉంది. అప్పుడైనా లేచి వెళ్లి చెప్పొచ్చు కదా? లేవలేదు. ఆమె కోడ్ తీసేసి పాతది పెట్టమన్నారు. పాతది పెడుతూ, పనిలో పనిగా పరిమితి కూడా పెంచేశాను. యాప్ పరుగందుకుంది. తప్పు మమతదేనని అందరికీ రుజువైపోయింది. మరిచిపోవడం పొరపాటే అనుకుందాం. ఆ రెండూ కలిపి చేయడం? అది తెలిసి చేసిందే. మేనేజర్ భుజం తట్టాడు. సిగ్గుతో చచ్చిపోయాను, అయినా నవ్వాను.

ఆమెని పర్మనెంట్ చేయలేదు. వెళ్లిపోతూ, తన వల్ల నాకు ఇబ్బంది అయిందని సారీ కూడా చెప్పింది. తర్వాత ఈ పనే మానేసిందని విన్నాను. తనకి కోడ్ రాయడం రాదనుకుంటూనే బతుకుతోందా? ఆ ఆలోచనే నన్ను తినేస్తోంది.

క్షమించమని అడగను. అడగాల్సింది మిమ్మల్ని కాదు. ఇది రాశాక మాత్రం కాస్త ఊపిరాడుతోంది.

మమతా, నీ కోడ్‌లో తప్పు లేదమ్మా. నువ్వు అడిగినప్పుడు నేను చూడలేదు.